లడఖ్ వెళ్తున్నారా, ముందు చిల్లర మార్చుకోండి

మారతహళ్ళిలో మా బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి యాభైల కట్ట ఒకటి, వందల కట్టలు రెండు కావాలని అడిగితే క్యాషియర్ ఒకసారి నా మొహం చూసి "మదువెనా మేడమ్?" అన్నాడు. పెళ్ళి కాదండీ, లడఖ్ వెళ్తున్నాం అంటే ఇంకా వింతగా చూశాడు. ఆయన తప్పేం లేదు. బెంగళూరులో నోటు చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు, మా గేటు బయట కొబ్బరిబోండాలాయన కూడా చెట్టుకి క్యూఆర్ కోడ్ కట్టేశాడు. అలాంటి ఊరి నుంచి పాతికవేలకి చిల్లర కట్టలు బ్యాగులో వేసుకుని కొండలెక్కడం వెనక ఒక సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. అది చెప్పకుండా మీకు టిప్పుల గురించి సలహాలిస్తే బాగుండదు.

2022 జూన్‌లో మేం మొదటిసారి వెళ్ళాం. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలుగు కుటుంబాలు, అందరం తెలుగువాళ్ళమే, ఇద్దరిది గుంటూరు, ఒకరిది వరంగల్, మాది అనంతపురం. పిల్లలు, ఒక అత్తగారు కలిపి పదకొండు మంది, ఒక టెంపో ట్రావెలర్, ఏడు రోజులూ ఒకే డ్రైవరు. యాభై దాటిన మనిషి, మాటలు తక్కువ. మేం ఆయన్ని ఆచో అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అన్నయ్య అని. ఖర్దుంగ్ లా అనే కనుమ పైన (పాత బోర్డుల మీద 18,380 అడుగులు అని ఉండేది గానీ అసలు ఎత్తు 17,582 అడుగులట, మా పిల్లలు ఆ బోర్డు ముందు ఫోటోలకి కొట్టుకున్నారు) గుంటూరు అత్తగారికి కళ్ళు తిరిగి వాంతి అయితే ఆయనే ఆక్సిజన్ సిలిండర్ తీసి, ముందు సీట్లో కూర్చోబెట్టి, మా అందరినీ పావుగంటలో బండెక్కించి గబగబా కిందికి దింపేశాడు. ఆ ఎత్తులో ఆగేకొద్దీ ప్రమాదమే, మేమేమో ఇంకో సెల్ఫీ అంటున్నాం.

ఇక ఆఖరి రోజు పొద్దున లేహ్ ఎయిర్‌పోర్టు ముందు మేం చేసిన నిర్వాకం. ఆచో సామానంతా దించి, జేబుల్లో చేతులు పెట్టుకుని కొంచెం దూరంగా నిలబడ్డాడు. మేం అక్కడే గుంపుగా చేరి, మన భాష ఆయనకేం తెలుసులే అని గట్టిగానే మొదలుపెట్టాం. అన్నయ్యా డ్రైవర్‌కి ఎంతిద్దాం, తలకో వంద వేసుకుందామా, పిల్లలకి కూడా వెయ్యాలా ఏంటి, ప్యాకేజీలో అన్నీ కట్టేశాం కదా మళ్ళీ ఇదేంటి, వాళ్ళ ఓనర్ బత్తా ఇస్తాడు లెండి, ఐదొందలు చాలు, అబ్బా చాలు చాలు. సరే, ఆ ఐదొందలైనా ఎవరి దగ్గరుంది? నలుగురం ఫోన్లు తీశాం. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉంటేనే సిగ్నల్. మాలో ముగ్గురివి ప్రీపెయిడ్. నాలుగో ఆయన ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. వైఫై పెట్టుకుందామంటే దానికి ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే సిమ్ పనిచెయ్యాలి. చివరికి ఎవరి పర్సులోనో ఒక ఐదొందల నోటు, ఇంకొకరి దగ్గర రెండొందలు దొరికాయి. ఏడు రోజులకి, పదకొండు మందికి కలిపి ఏడొందలు. ఆయన రెండు చేతులతో తీసుకుని, లెక్క కూడా చూడకుండా "జూలే" (నమస్తేకైనా, థ్యాంక్స్‌కైనా అక్కడ అదే మాట) అని వెళ్ళిపోయాడు.

విమానం ఎక్కాక మా అమ్మాయి అంది, "అమ్మా, ఆచోకి చాలు అంటే తెలుసు కదా."

నిజమే. వారమంతా ఆయన ఫ్లాస్కులోంచి టీ పోస్తుంటే మేమందరం చాలు చాలు అనేవాళ్ళం. మూడో రోజుకల్లా ఆయన ఆ మాట పట్టేశాడు, వ్యూపాయింట్ దగ్గర మేం కదలకపోతే "ఫోటో చాలు!" అని నవ్వుతూ హారన్ కొట్టేవాడు. అంటే ఆ పొద్దున ఆయనకి మా సంభాషణలో అర్థమైన ఒకే ఒక్క మాట అదే. నేను ఢిల్లీ దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు విషయానికొస్తాను. టిప్పు ఇవ్వడం మన ఇష్టం, ఎవరూ బలవంతపెట్టరు, నిజమే. కానీ హైదరాబాదులో హోటల్ సర్వర్‌కిచ్చే ఇరవైకీ, సీజన్ మీద బతికే ఊళ్ళో ఇచ్చే ఐదొందలకీ చాలా తేడా ఉంది. లడఖ్‌లో టూరిస్టు సీజన్ అంటే మే నుంచి సెప్టెంబరు, మహా అయితే అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు. తర్వాత మంచుతో మనాలి వైపు బారాలాచా లా కనుమ నెలల తరబడి, శ్రీనగర్ వైపు జోజి లా కనుమ నడి చలికాలంలో కొన్నాళ్ళు మూసుకుపోతాయి. విమానాలు ఏడాదంతా తిరుగుతాయి, చలికాలంలో గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడిచే చాదర్ ట్రెక్ కోసం, మంచు చిరుతల కోసం వచ్చేవాళ్ళున్నారు, అయితే అది కొద్దిమందికి పని, ఊరందరికీ కాదు. పాంగాంగ్ ఒడ్డున టెంట్లు పీకేస్తారు, సరస్సే గడ్డకట్టేస్తుంది. ఆ ఐదు నెలల్లో సంపాదించింది పన్నెండు నెలలు తినాలి.

ఈ మాట మా అమ్మమ్మకి చెప్తే ఆవిడ అసలు ఆశ్చర్యపోలేదు. ధర్మవరం దగ్గర పల్లెలో పెరిగిన మనిషి. "కళ్ళంలో ఇయ్యాల్సింది కళ్ళంలోనే ఇయ్యాల, ఇల్లు చేరినంక ఎవరిస్తారు" అంది. పంట నూర్చే రోజు చాకలి, మంగలి, వడ్రంగి, కమ్మరి కళ్ళం దగ్గరికొస్తే గింజలు కొలిచి పోసేవాళ్ళు, దాన్ని మేర అనేవాళ్ళు, ఏడాదంతా చేసిన పనికి అదే కూలి. ఆ ఏర్పాటులో కులమూ ఉంది, వెట్టీ ఉంది, దాన్నేం గొప్ప చెయ్యట్లేదు. కానీ పంట ఉన్నప్పుడే వాటా పోవాలన్న లెక్క మనకి కొత్త కాదు. బక్షీసు, ఇనాం, మామూలు అని ఇన్ని మాటలున్న భాష మనది, ఒక్కోటి ఒక్కో సందర్భానికి, అయినా ఎయిర్‌పోర్టు ముందు నిలబడి నోరెళ్ళబెట్టాం.

డ్రైవరు సంగతి ఇంకొంచెం. లేహ్‌లో ట్యాక్సీ రేట్లు యూనియన్ నిర్ణయిస్తుంది, ప్రతి సీజన్‌కీ రేట్ల పట్టిక వస్తుంది, ఏ చోటికి ఎంత అని. కాబట్టి బేరం ఆడి మిగిల్చి, ఆ మిగిలింది టిప్పుగా ఇద్దామనే మన తెలివి అక్కడ పనిచెయ్యదు. ఆ రేటు బండికి, డీజిల్‌కి. నడిపే మనిషే ఓనరై ఉండాలని లేదు, జీతానికి తోలేవాళ్ళూ ఉంటారు, మొదటి రోజే మాటల్లో అడిగితే తెలిసిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. మనాలి నుంచో శ్రీనగర్ నుంచో వచ్చే ట్యాక్సీ మిమ్మల్ని లేహ్‌లో దింపుతుంది, అక్కడి నుంచి నుబ్రా లోయ, పాంగాంగ్ తిరగాలంటే లోకల్ బండే ఎక్కాలి. అంటే మీకు ఇద్దరు డ్రైవర్లు. రెండు రోజులు ఘాట్లలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెచ్చిన మొదటి ఆయన హోటల్ గేటు దగ్గర సామాను దించి వెళ్ళిపోతాడు, మనమేమో తలనొప్పితో, ఊపిరాడక నేరుగా మంచం మీద పడతాం. అందుకే ఆయన డబ్బులు ముందురోజు రాత్రే తీసి పక్కన పెట్టుకోండి.

మేం 2024లో రెండోసారి వెళ్ళినప్పుడు టెంపో డ్రైవర్‌కి రోజుకి ఆరువందల చొప్పున లెక్కేసి ఏడు రోజులకి 4,200 ఇచ్చాం. తలకి నాలుగొందలు కూడా పడలేదు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో అంతకంటే ఎక్కువ మేం సమోసాలకీ కాఫీలకీ తగలేశాం. చిన్న కారైతే రోజుకి మూడొందల నుంచి ఐదొందలు అనుకోవచ్చు. ఇదేం రూలు కాదు, మేం ఇచ్చిన లెక్క, మీ వీలునిబట్టి చూసుకోండి. రోజూ సాయంత్రం వందా రెండొందలూ చేతిలో పెట్టడం నాకు నచ్చదు, దినకూలీలా ఉంటుంది, పైగా రేపెంత ఇస్తారో అని ఆయనా చూడాలి. ఆఖరి రోజు కూడా వద్దు, ఆ హడావిడిలో మళ్ళీ మొదటికొస్తుంది. ఆఖరి రోజుకి ముందు రాత్రి, భోజనాలయ్యాక, కుటుంబంలో పెద్దవాళ్ళెవరైనా ఒక్కరే వెళ్ళి ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి రావాలి. పదకొండు మంది చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టక్కర్లేదు.

క్యాంపుల దగ్గర అసలు చిక్కు. మొదటి ట్రిప్పులో పాంగాంగ్ దగ్గర ఒక టెంట్ల క్యాంపులో దిగాం, పేరు చెప్పను. తెల్లారుజామున మా అమ్మాయికి బాత్రూమ్‌కి అవసరమై టెంటు జిప్పు తీస్తే, బయట ఒక కుర్రాడు రెండు చేతుల్లో రెండు వేడినీళ్ళ బకెట్లు పట్టుకుని రాళ్ళ మీద ఆగి ఆగి వస్తున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళుంటాయేమో. మంకీ క్యాప్ చెవుల పైకి జారిపోయింది, సరిచేసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, చెవులు ఎర్రగా కంది ఉన్నాయి. ఒక్కో టెంటు ముందు బకెట్ దించి, మగ్గు బోర్లించి, దుమ్ము పడకుండా పైన ప్లేటు పెట్టి, మళ్ళీ వంటగది వైపు పోతున్నాడు. మా గుంపువి నాలుగు టెంట్లు, క్యాంపంతా కలిపి ఇరవై పైనే. 4,200 మీటర్ల పైన నేను ఉత్త చేతులతో పది అడుగులు వేస్తేనే ఆయాసం. నేపాల్ నుంచి వచ్చాడట, మే నెలలో వస్తే మళ్ళీ దసరాకి ఇంటికి.

వెళ్ళేటప్పుడు మా గుంటూరు అన్నయ్య (ఆయన మా అపార్ట్‌మెంట్ కోశాధికారి, అన్నిటికీ లెక్క ఉంటుంది) అందరి దగ్గరా వసూలు చేసి రెండు వేలు మేనేజర్ చేతిలో పెట్టి స్టాఫ్ అందరికీ అన్నాడు. మేనేజర్ నమస్కారం పెట్టాడు. బండెక్కుతుంటే ఆ కుర్రాడు సామాను అందిస్తున్నాడు, నేను ఉండబట్టలేక మీకు వచ్చిందా అని హిందీలో అడిగాను. వాడు నవ్వి, సీజన్ అయిపోయాక పంచుతారు దీదీ అన్నాడు. పంచుతారేమో, పంచరేమో. తెలుసుకునే దారి మాకైతే లేదు. అందుకే రెండోసారి నుంచి రిసెప్షన్‌లో తాళం వేసిన టిప్పు బాక్సు ఉంటే అందులో సగం వేస్తాను, మిగతా సగం నీళ్ళు మోసినవాళ్ళకి, వంటవాళ్ళకి నేరుగా చేతికే ఇస్తాను. మనకి సలాం కొట్టేవాడు ఎప్పుడూ కనిపిస్తాడు, వాడికి ఎలాగూ అందుతుంది. గిన్నెలు తోమేవాళ్ళు మనం వెళ్ళే టైముకి వెనకెక్కడో ఉంటారు, వాళ్ళని వెతుక్కుని వెళ్ళాలి.

అలాగని కనిపించిన ప్రతివాళ్ళకీ నోటు చాపకూడదు, దీనికీ మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. నుబ్రాలో ఒక హోమ్‌స్టేలో రెండు రాత్రులున్నాం. పెద్దావిడ, అందరూ అమలే అనేవాళ్ళు, అంటే అమ్మగారు. వంటగదిలోనే గోడ నిండా అరల్లో ఇత్తడి, రాగి గిన్నెలు తళతళ మెరిసిపోతుంటే, కింద పరుపుల మీద కూర్చోబెట్టి, ఉప్పు వెన్న వేసిన గుర్‌గుర్ చాయ్ కప్పు తగ్గినప్పుడల్లా నింపుతూ, పిల్లలకి వేరే పాలు కాచి ఇచ్చింది. వచ్చేసే రోజు పొద్దున మా ఆయన ఐదొందల నోటు ఆవిడ చేతిలో పెట్టబోయారు. ఆవిడ మొహం మారిపోయింది. పైసలు ఇచ్చేశారు కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపం కాదు, చిన్నబుచ్చుకుంది. బండిలో కూర్చున్నాక నాకు వెలిగింది, మా పెద్దమ్మ ఇంట్లో భోంచేసి విస్తరి కింద వంద పెట్టి వచ్చినట్టయింది. ఇంటి యజమానురాలికి టిప్పు ఇవ్వరు, అద్దె ఇస్తారు, పైన ఏదైనా ఇవ్వాలనిపిస్తే వస్తువు ఇస్తారు. రెండోసారి వెళ్ళినప్పుడు మల్లేశ్వరంలో పొడి కొట్టించిన కాఫీ అరకిలో, మైసూర్ పాక్ డబ్బా పట్టుకెళ్ళాను. ఆవిడ మైసూర్ పాక్ డబ్బా తీసుకెళ్ళి ఆ రాగి గిన్నెల పక్కన అరలో పెట్టింది, మేం బయల్దేరేటప్పుడు నా సంచిలో ఫటింగ్, అంటే గింజతో ఎండబెట్టిన ఆప్రికాట్లు, కిలో దాకా కుక్కేసింది. ఆ ఇంట్లో గిన్నెలు కడిగే అమ్మాయికి మాత్రం రెండొందలు ఇచ్చాను, ఆ అమ్మాయి చక్కగా తీసుకుంది. మనిషినిబట్టి ఉంటుంది, అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నుబ్రాలోనే హుందర్ ఇసుకలో రెండు మూపురాల ఒంటెలకి టికెట్టు రేటు ఉంటుంది, ఒంటెని నడిపించే మనిషికి యాభై, వంద విడిగా. గొంపాల్లో, అంటే బౌద్ధ మఠాల్లో, భిక్షువుల చేతిలో డబ్బులు పెట్టకండి, హుండీ ఉంటుంది, దాంట్లో వెయ్యండి. గది తుడిచినవాళ్ళకి రోజుకి యాభై, దిండు మీద వదిలెయ్యకుండా చేతికే, లేకపోతే మర్చిపోయిన డబ్బనుకుని రిసెప్షన్‌లో ఇచ్చేస్తారు, మాకు అలాగే జరిగింది. రోడ్డు పక్కన పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు విసరడం దయచేసి వద్దు. మురుకులు, చేగోడీలు మిగిలాయని డ్రైవర్‌కి ఇవ్వండి, సంతోషంగా తింటాడు, కానీ అది టిప్పు ఖాతాలో రాసుకోకండి. మా గుంపులో ఒకరు ఆ పనే చేశారు, పేరు చెప్తే రేపు లిఫ్టులో మొహం చూసుకోవాలి.

రెస్టారెంటు బిల్లు మాత్రం ఒకసారి సరిగ్గా చదవండి. సర్వీస్ చార్జి అని కలిపేస్తే అది టిప్పే, మళ్ళీ పైన ఇవ్వక్కర్లేదు, అసలు దాన్ని కట్టి తీరాలని లేదు. హోటళ్ళు దాన్ని వాటంతటవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, హోటళ్ళ సంఘాలు కోర్టుకెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇందిరానగర్‌లో ఒక చోట నేను దాన్ని తీయించి, అంతే డబ్బు సర్వర్ అబ్బాయి చేతిలో పెట్టాను. మా ఆయనకి తెగ టెన్షన్, అందరూ చూస్తున్నారని.

ఇంతకీ చిల్లర. లేహ్ బజార్‌లో ఏటీఎంలున్నాయి, దుకాణాల్లో యూపీఐ కూడా నడుస్తుంది. ఊరు దాటాక దేన్నీ నమ్ముకోకండి. ఏటీఎం ఎక్కువగా ఇచ్చేవి ఐదొందల నోట్లు, ఆ నీళ్ళు మోసే కుర్రాడి దగ్గర మీకు తిరిగివ్వడానికి చిల్లర ఉండదు, మీరు చిల్లర లేదు కదా అని ఊరుకుంటారు. అందుకే మా మారతహళ్ళి క్యాషియర్‌ని విసిగించి కట్టలు తెచ్చుకున్నాను.

కవర్ల పని మా ఆయనది. ఆయన స్టేషనరీ షాపులో అడిగితే పెళ్ళిళ్ళలో చదివింపులకిచ్చే కవర్లు ఇచ్చారు, ఎర్రగా, మీద వినాయకుడు, అంచున రూపాయి బిళ్ళ అతికించినవి. డజను కొనుక్కొచ్చారు. సరే పోనీ అని వాటి మీదే డ్రైవర్, క్యాంపు, గది, వంట అని రాసి లెక్కపెట్టి సర్దాను. డ్రైవర్ కవర్ ఇచ్చినప్పుడు (ఈసారి వేరే ఆయన, కుర్రవాడు) ఆ రూపాయి బిళ్ళ ఎందుకని అడిగాడు. సున్నాతో ముగియకూడదు, ఒకటి కలిస్తే మళ్ళీ మొదలవుతుందని మా ఆయన హిందీలో ఏదో చెప్పారు. ఆ అబ్బాయి బిళ్ళని గోటితో ఊడదీసి డ్యాష్‌బోర్డు మీద బుద్ధుడి బొమ్మ ముందు పెట్టాడు. పాత ఆచో కోసం కూడా అడిగాను. ఫోన్ నంబరు మారిపోయిందట, ఏజెన్సీ వాళ్ళకీ తెలీదన్నారు.

అంత పకడ్బందీగా చేసినా ఒకటి తప్పింది. నుబ్రాలో క్యాంపులో ఉన్న రాత్రి గుంటూరు అత్తగారు ఏమీ తినలేకపోతే, డార్జిలింగ్ నుంచి వచ్చిన వంటాయన అడగకుండానే మెత్తగా అన్నం కలిపి, పెరుగేసి, ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టి తెచ్చాడు. పోయినేడు ఎవరో తెలుగువాళ్ళు నేర్పారట. ఆవిడ గిన్నె ఊడ్చి తిన్నారు. పొద్దున ఇద్దామనుకున్నాను. కానీ నుబ్రా నుంచి ష్యోక్ మీదుగా పాంగాంగ్ వెళ్ళే దారిలో ఎండెక్కేకొద్దీ మంచు కరిగి వాగులు పెరుగుతాయి, మధ్యాహ్నానికి బండి దాటడం కష్టమని డ్రైవర్ అయిదింటికే లేపేశాడు. చీకట్లో సామాను, పిల్లలు, టోపీలు, ఎవరి బూట్లో ఎవరో వేసుకుని, అదీ గోల. ఖల్సర్ దాటాక గుర్తొచ్చింది.

వంట అని రాసిన ఆ కవరు ఇప్పటికీ నా సూట్‌కేసు పక్క అరలో ఉంది, ఐదొందలూ, రూపాయి బిళ్ళతో సహా.